సత్తెమ్మవ్వ పెట్టెలో నాలుగు పొట్లాలు

2006వ సంవత్సరం, మే నెల. మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపుకూ ఎరువుల దుకాణానికీ మధ్య, ఒక్క షట్టర్ గదిలో నా ట్రావెల్ ఆఫీసు ఉండేది. అప్పటికి పదకొండేళ్ళ ముందు దాన్ని తెరిచినప్పుడు నా పనల్లా రైలు రిజర్వేషన్లు, తిరుపతి బస్సులు, పాస్‌పోర్టు ఫారాలు నింపడం. తరువాత శామీర్‌పేట చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి. వరి మడుల్లో తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. అమ్మినవాళ్ళలో కొందరు మేడలు కట్టారు, కొందరు సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డారు, ఇంకొందరు నా దగ్గరికొచ్చి సింగపూర్ చూపించమన్నారు.

సింగపూర్ మా ప్రాంతం వాళ్ళకు బాగా అనువైన ఊరు. విమానం ఎక్కి ఒక కునుకు తీసేసరికి వచ్చేస్తుంది, ఇడ్లీ సాంబారు దొరుకుతుంది, నాలుగు రోజుల్లో తిరిగి రావచ్చు. టికెట్టు కాక హోటలు, బస్సు, భోజనం, చూసే చోట్లు అన్నీ కలిపి అమ్మేదాన్ని మేము ల్యాండ్ ప్యాకేజీ అంటాం. ఏ పూట ఎక్కడ ఉండాలో రాసిన కాగితం ఐటినరరీ. నా ఐటినరరీలంటే నాకు మహా గర్వం. అవి రాసేముందు అడగడానికి ఇరవై ఒక్క ప్రశ్నల జాబితా ఒకటి పెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్నాయా, శనివారం ఉపవాసం ఉంటారా, కిటికీ సీటు కావాలా, ఇలా. ఆ జాబితా దాటి ఏ ఆపదా రాదని నా నమ్మకం.

లాల్‌గడి మలక్‌పేట్ నుంచి అంజిరెడ్డి వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి. భార్య స్వరూప, తల్లి సత్తెమ్మ, తాను, మొత్తం ముగ్గురు పాక్స్. పాక్స్ అంటే మా లెక్కలో ప్రయాణికుల సంఖ్య. సత్తెమ్మకు డెబ్భై దాకా ఉంటాయి. కుర్చీ వేస్తే చివరి అంచున కూర్చుని నా గోడ మీది సింగపూర్ పోస్టరును తేరిపార చూసింది.

"సింగపూర్‌ల ఏం జూస్తవ్ అవ్వా?" అని నవ్వుతూ అడిగాను.

"మా పొలం కొన్నోళ్ళు ఇగ గీడ సింగపూరే అయితదన్నరు బిడ్డా. గదేందో నా కండ్లతోని సూస్త. నాటేసిన మడి ఏమైతదో నాకు తెల్వద్దా?"

అంతకు ముందు నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎవరూ ఇలాంటి కారణం చెప్పలేదు. ఆమె నాకు ఆ క్షణమే నచ్చింది. జాబితా తీశాను.

"మా అమ్మకు బీపీ లేదు, షుగర్ లేదు. గుండ్రాయి లెక్కున్నది," అన్నాడు అంజిరెడ్డి.

"రోజు ఏస్కునే గోలీలు ఏమన్న ఉన్నయా?"

"ఏం లెవ్వు మేడం."

వాళ్ళు అబద్ధం చెప్పలేదు. సాయంత్రం కాగానే సత్తెమ్మ కల్లు కంపౌండ్ నుంచి, అంటే ఊరి కల్లు దుకాణం నుంచి, రెండు సీసాలు తెప్పించుకోవడం ఆ ఇంట్లో మందు కిందికీ రాదు, తాగుడు కిందికీ రాదు. పగలంతా పొలంలో వంగి పనిచేసిన మనిషి ఒళ్ళు నొప్పులకు తాగుతుంది, అంతే. ఆ గడిలో టిక్ పెట్టి కింది ప్రశ్నకు వెళ్ళాను.

వీసాలు వచ్చాయి. గురువారం ప్రయాణం. మా పెద్దవాళ్ళను విమానం కన్నా ఎక్కువ బెదరగొట్టేది ఎస్కలేటర్. కదిలే మెట్ల ముందు కాలు పెట్టలేక నిలబడిపోతే వెనక జనం ఆగిపోతారు, గ్రూపు చెల్లాచెదురవుతుంది. అందుకని బయలుదేరే ముందు వారం వాళ్ళను సిటీలో ఒక షాపింగ్ మాల్‌కు తీసుకెళ్ళి నాలుగుసార్లు ఎక్కించి దించడం నా పద్ధతి. సత్తెమ్మవ్వ బూట్లు కొనుక్కోవడానికని ముందే గాజులరామారంలో కూతురింటికి వెళ్ళి రెండు రాత్రులు ఉంది. ఆదివారం పొద్దున అంజిరెడ్డి ఆమెను అటునుంచి అటే మాల్‌కు తీసుకొచ్చాడు.

ఆమె మొహం చూసి నిద్ర లేదనుకున్నాను. ఏసీలో కూడా నుదుటి మీద చెమట. ఎస్కలేటర్ దగ్గర నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతున్న తీరు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

"గీ మెట్ల మీద చీమలు బిడ్డా. గన్ని చీమలేంది?"

"చీమలు లెవ్వు, ఏం లెవ్వు. భయపడకవ్వా, కాలు వెట్టు," అని నవ్వాను.

"మీదికెల్లి మా ముసలోడు పిలుస్తాండు సూడు."

ఆమె భర్త పోయి పన్నెండేళ్ళు. నేను దాన్ని కూడా భయం కింద జమకట్టాను. "పిలుస్తాండు గదా, పోదాం పా," అని ఎగతాళి చేస్తూ ఆమె నడుము మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాను. అవును, నెట్టాను. ఆమె ఒక మెట్టు మీద కాలు పెట్టింది. మెడ వెనక్కి విరుచుకుంది, ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుంది, నోటి పక్కన నురగ. అంజిరెడ్డి కిందినుంచి పట్టుకోకపోతే తల పగిలేది. ఎవరో ఎర్ర మీట నొక్కి మెట్లు ఆపారు. చనిపోయిందనే అనుకున్నాను.

దగ్గరలోని నర్సింగ్ హోంలో యువ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, ఆమె కుదుటపడ్డాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"కల్లు తాగి ఎన్ని రోజులైంది?"

అంజిరెడ్డి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అల్లుడింట్లో కల్లు మాట ఎత్తడానికి సిగ్గుపడి ఆమె అడగలేదు. రెండున్నర రోజులు. అది మందు కల్లు అని, అందులో మత్తు మందు కలుపుతారని, ఏళ్ళ తరబడి తాగిన ఒళ్ళు దానికి బానిస అవుతుందని డాక్టరు చెప్పాడు. ఒక్కసారిగా ఆపితే వణుకు, లేనివి కనబడటం, ఫిట్స్. ప్రాణం కూడా పోవచ్చు. తన దగ్గర ఉంచి మందులతో మెల్లమెల్లగా మాన్పించాలి, నెల పైనే పడుతుంది, ప్రయాణం మాత్రం వద్దన్నాడు.

ఆ మాట పట్టుకుని ప్రయాణం వాయిదా వేద్దామన్నాను. అంజిరెడ్డి తల్లిని ఇంటికి తీసుకెళ్ళిపోయి రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మంగళవారం తనే వచ్చాడు.

"ఇంకో డాక్టర్‌కు సూపించిన మేడం. నాలుగు రోజులకు మందిచ్చిండు. పరేషాన్ గాకుండ్రి. ఊరంత జెప్పుకున్న, ఇగ నా ఇజ్జత్ దియ్యకుండ్రి."

మందుల చీటీ చూపించమని అడగాలి. అడగలేదు. ఆ ఊరి నుంచే మరో పద్దెనిమిది మంది జూన్‌లో వెళ్దామని అడుగుతున్నారు. ఈ ప్రయాణం ఆగితే వాళ్ళు నా మెట్లెక్కరని నాకు తెలుసు. నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మేశాను. ఆ సాయంత్రమే సింగపూర్ అరైవల్ కార్డులు నింపాను. అది విమానం దిగాక అక్కడి అధికారికి ఇచ్చే చిన్న కార్డు. ఇంగ్లీషు రాదని మా వాళ్ళవి నేనే ముందుగా నింపి ఇస్తాను. దాని మీద ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది. మత్తు పదార్థాలు తెచ్చి అమ్మేవాళ్ళకు తమ చట్టం ప్రకారం మరణశిక్ష అని. వందల కార్డులు నింపినా, ఆ లైను మీద నా కన్ను ఎన్నడూ ఆగలేదు.

గురువారం మధ్యాహ్నం పెట్టెలు చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇదీ నా పద్ధతే. పచ్చడి సీసాలు కారకుండా కట్టారా, చేతిసంచిలో కత్తెరలేమైనా పెట్టారా అని చూస్తాను. కారు పూలదండతో వాకిట్లో సిద్ధంగా ఉంది. సత్తెమ్మవ్వ కొత్త బూట్లేసుకుని మంచం మీద కూర్చుంది. చేతులు నిలకడగానే ఉన్నాయి. మామూలుగా సాయంత్రం సీసాలు అందుతున్నాయన్నమాట. సీసా లేని నాలుగు రోజులకు వీళ్ళు ఏం ఆలోచించారు?

ఆమె పెట్టెలో మూడో చీర మడతలో చెయ్యి పెడితే పొట్లాలు తగిలాయి. వార్తాపత్రిక ముక్కలు, పురికొస కట్లు. నాలుగు. ఒకటి విప్పాను. తెల్లటి పొడి.

"ఇదేందవ్వా?"

"నా కొడుకు వెట్టిండు బిడ్డా. రోజుకొక్కటి నీళ్ళల్ల గలుపుకోని తాగాల్నట. గాడ కల్లు దొర్కదు గదా."

అంజిరెడ్డి గుమ్మంలోకి వచ్చాడు. దాచలేదు. కంపౌండ్ వాణ్ణి బతిమాలి తెచ్చానన్నాడు. కల్లులో వాడు కలిపేది అదేనట. ఇంకో డాక్టరంటే ఆ కంపౌండ్ వాడే.

"అది ఏందో తెలుసా నీకు?" అన్నాను.

"పేరు నాకేం దెల్సు? రోజు తాగేదే గదా. ముసల్దాని చీరలల్ల ఎవ్వలు ఎతుకుతరు మేడం?"

నాకూ ఆ పొడి పేరు తెలియదు. అందుకే అంత భయం. అక్కడి చట్టంలో దానికి జరిమానా పడుతుందో, జైలు పడుతుందో, ఆ ఎర్ర అక్షరాల కిందికే వస్తుందో చెప్పగలిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. నా చేతిసంచిలోంచి ఆమె కార్డు తీశాను. నా చేతిరాతతోనే సత్తెమ్మ పేరు, పుట్టిన సంవత్సరం. ఆ ఎర్ర లైను తెలుగులోకి మార్చి చదివి వినిపించాను. స్వరూప పెట్టెలోంచి మిగతా పొట్లాలు తీసి నేల మీద పెట్టింది.

"పట్టుకుంటె వాన్నా, నన్నా?" అని అడిగింది సత్తెమ్మవ్వ.

"నీ పెట్టె, నీ పేరు అవ్వా. నిన్నే."

ఆమె కొడుకు వైపు తిరిగింది. అతను తలుపు చట్రం పట్టుకుని ఏడ్చేశాడు.

"నాకు తెల్వదే అమ్మా. ఆనాడు మెట్ల మీద నిన్ను జూసినంక మల్ల గట్లయితే గాడ సచ్చిపోతవని భయమైంది. గందుకే తెచ్చిన."

ఆమె నా చేతిలోని పొట్లం తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో కొంచెం తాకి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇన్నేండ్ల సంది నేను తాగింది గిదా? చెట్టుకెల్లి ఒచ్చిందనుకున్న బిడ్డా."

మూడు పాస్‌పోర్టులూ తీసి నా సంచిలో వేసుకున్నాను. అంజిరెడ్డి అడ్డు చెప్పలేదు. పొట్లాలు స్వరూపే తీసుకెళ్ళి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చింది. పూలదండతో ఉన్న కారులోనే అవ్వను నర్సింగ్ హోంకు తీసుకెళ్ళాం. ఆ యువ డాక్టరు మమ్మల్ని చూసి ఒక్క మాట కూడా దెప్పలేదు. మాన్పించడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆమె కంపౌండ్ దాకా నడిచి వెళ్ళిందని, రెండోసారి తనంతట తానే వెనక్కి వచ్చిందని స్వరూప చెప్పింది. నవంబరులో ముగ్గురూ సింగపూర్ వెళ్ళి వచ్చారు. ఆ నాలుగు రోజులూ ఫోను పక్కలో పెట్టుకునే పడుకున్నాను. జూన్‌లో వెళ్తామన్న పద్దెనిమిది మంది మాత్రం ఇంకో ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళలో ఎంతమంది సీసా అలవాటున్నవాళ్ళో, ఆ ఏజెంటు అడిగాడో లేదో తెలియదు.

నా జాబితాలో ఇరవై రెండో ప్రశ్న చేరింది. సాయంత్రం ఏం తాగుతారు, ఎన్నేళ్ళ నుంచి అని. మొదట్లో చాలామందికి కోపం వచ్చింది. వచ్చినా సరే, జవాబు చెప్పనిదే ఫారం తీసుకోలేదు. మనుషులు దాచిపెట్టేవాటి గురించి అడగడం నాకు ముందే తెలుసు. వాళ్ళు చెప్పాలని కూడా అనుకోనివాటిని అడగాలని ఆ కేసు నేర్పింది.

ఇంకొకటి కూడా నేర్పింది. దాన్ని ఏ ఫారంలోనూ రాయలేను.

ఆ గురువారం నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మా నాయిన చెప్పులు వేసుకుని, చేతిసంచి పట్టుకుని గేటు తీస్తున్నాడు. రోజూ ఆ వేళకు కల్లు కంపౌండ్‌కే వెళతాడని నా చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. తెలిసి, ఈ వారం రోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"నాయినా, ఇయ్యాల పోకు."

"ఎందుకు బిడ్డా?"

"ఊకెనే. నాకోసం ఒక్కనాడు ఆగి సూడు."

ఆయన నవ్వాడు. నా మాట కాదనడం ఆయనకు అలవాటు లేదు. సంచి కొక్కేనికి తగిలించి అన్నానికి కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నం టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా టీ తొణికి లుంగీ మీద పడింది. నేను ఆయన చేతుల వైపే చూస్తున్నానని గమనించి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏం లేదు బిడ్డా, జెర సలివెడ్తాంది," అన్నాడు.

బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.