జపాను పోవలసిన ఇస్రాయేలు సారు

ఇస్రాయేలు సారు చాలా మంచివాడని కేతేపల్లి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయినవాళ్లంతా మంచివాళ్లే కదా. నేను మాత్రం నాకు తెలిసినట్టే చెబుతాను. ఆయన కోపిష్టి. పలక మీద అక్షరం వంకరపోతే పిల్లల వేళ్ల మీద బెత్తం ఆడేది. ఆ కోపం ఎక్కడ మొదలైందో మా అమ్మ నిర్మలమ్మ చెబితే తెలిసింది. అందులో ఆమె పాలు కూడా ఉంది.

1939లో ఆయనకు ఇరవై మూడేళ్లు. నల్లగొండ మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవాడు. తండ్రి మారయ్య మా ఊళ్లోనే తోళ్లు నానబెట్టి చెప్పులు కుట్టేవాడు, దొర ఉండే గడికి వెట్టి చేసేవాడు. ఆ ఏడు జపానులోని ఒక క్రైస్తవ భాషా పాఠశాల నుంచి మిషనుకు ఉత్తరం వచ్చింది. ఒక మనిషిని పంపితే ఏడాది పాటు తమ భాష నేర్పి, తర్వాత తోలు కార్ఖానాలో పని నేర్పిస్తామన్నారు. పాదిరిగారు ఇస్రాయేలు పేరు రాసి పంపారు. ఓడ కిరాయి మిషనే పెట్టుకుంటానంది.

ఇక ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. పాఠశాలవాళ్లు పంపిన పలచటి పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగాడు. సెలవులకు ఊరికొస్తే ఇంటి గోడంతా బొగ్గుతో జపాను అక్షరాలు రాశాడు. అక్కడివాళ్లు మోకాళ్లు మడిచి కూర్చుంటారని తనూ అలాగే కూర్చుని, లేవబోయి తిమ్మిరెక్కి పడ్డాడు. మారయ్య చెప్పు కుడుతుంటే పక్కన చేరి ఇచి, ని, సన్ అని కుట్లు లెక్కపెట్టేవాడు. ముసలాయన కూడా నాలుగు అంకెల దాకా నేర్చాడట. తల్లి ఈదమ్మ అడిగింది ఒక్కటే, అక్కడ ఏం తింటారని. మూడు పూటలా వరి అన్నమే అని చెబితే, జొన్న గటక తప్ప ఎరగని ఆమె, వాళ్లంతా దొరలే కాబోలు అనుకుంది.

చిక్కు కాగితం దగ్గర వచ్చింది. ఫలానా ఊరివాడు, ఫలానావాడి కొడుకు అని ఊరి చావుపుట్టుకలు రాసే పోలీసు పటేలు దస్కతు చేస్తేనే పాస్‌పోర్టు. మిషను ఇచ్చే కాగితం చాలదన్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పగానే మారయ్య తోలు పొడిచే ఆరె చేతిలోంచి కింద పెట్టేశాడు.

"పటేలు బుక్కుల నువ్వు లేవు బిడ్డా. ఎనిమిదో ఏట గత్తరకు సచ్చిపోయినవని నేనే రాయించిన" అన్నాడు.

మా వాడలో అది అప్పటికే వాడుక. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఇంటికొక పిల్ల గడికి పోవాలి, పశువుల కొట్టం ఊడవడానికో, దొరసాని కాళ్లు పిసకడానికో. ఆడపిల్ల పోతే ఇక మన పిల్ల కాదు. అందుకని పిల్లను చాటుగా మిషను బోర్డింగులో చేర్చి, గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు పటేలు దగ్గరకు ఏడ్చుకుంటూ పోయి చావు రాయించేవారు. మా వాడ మైల అని చూడటానికి వచ్చేవాడెవడు? అలా చచ్చిపోయి బోర్డింగులో బతుకుతున్న పిల్లలు ఆ ఏడు ఐదుగురు. వాళ్లలో తొమ్మిదేళ్ల సైదమ్మ మా అమ్మ. నిర్మలమ్మ బోర్డింగులో పెట్టిన పేరు.

ఇస్రాయేలు బతికే ఉన్నాడని తెలిస్తే పటేలు మిగిలిన చావులన్నీ తవ్వుతాడు. అది అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆయన్ను వద్దనలేదు. మా అమ్మమ్మ పుల్లమ్మ మాత్రం వాళ్ల గడప ముందు ఒక పూటంతా కూర్చుని, నోరు విప్పకుండానే లేచిపోయింది. మారయ్య మటుకు నిజం చెప్పి పటేలు కాళ్లు పట్టుకుంటానన్నాడు. కన్న కొడుకు కదా, ఆయనకు పక్కింటి పిల్లలు గుర్తురాలేదు. నేను తప్పు పట్టను.

మూడో రోజు పొద్దున తండ్రీ కొడుకులు పటేలు వాకిట్లో నిలబడ్డారు. మారయ్య చెప్పులు చంకలో పెట్టుకుని వంగి నిలుచున్నాడు. పటేలు ఇస్రాయేలును ఎగాదిగా చూసి, ఎవని కొడుకువని అడిగాడు.

"నేను ఈ ఊరోన్ని కాదయ్యా. మిషను పుస్తకాలు అమ్మ వచ్చిన. ఈ పెద్దమనిషి తొవ్వ చూపిచ్చిండు" అన్నాడు ఇస్రాయేలు.

కాగితం జేబులోంచి తీయనే లేదు. దారిలో మారయ్య ఏడుస్తుంటే ఆయన వెనక్కి కూడా చూడలేదట. పాదిరిగారితో సముద్రమంటే భయమని చెప్పాడు. పిరికివాడని పాదిరిగారు చిన్నచూపు చూశారు. రెండేళ్లకు జపాను ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి దిగింది. పోకపోవడమే మేలైంది, దేవుడే ఆపాడని మిషను గుళ్లో అందరూ అన్నారు. ఆ మాట వినబడితే సారు లేచి బయటికి పోయేవాడు.

1948లో దొరలు గడీలు విడిచి పట్నం పారిపోయారు. టీచరు ట్రైనింగుకు సీటు వచ్చిన పద్దెనిమిదేళ్ల మా అమ్మ, ఆ మాట చెప్పి దండం పెట్టుకుందామని ఆయన దగ్గరికి వెళ్లింది. మీ వల్లే చదువుకున్నానంది.

"నువ్వు సదువుకున్నవు, సంతోషమే. గాని మీ ఐదుగురిల ఎవర్ని సూసినా నాకు కోపమొస్తది బిడ్డా. పోతదనుకున్న. తొమ్మిదేండ్లాయె, పోలే. నీ తప్పేం లేదు. నా ముంగటికి మాత్రం రాకు" అన్నాడు.

అమ్మ మళ్లీ వెళ్లలేదు. ఆయన పోయిన రోజు కూడా మట్టి వేసేటప్పుడు సమాధుల గోడ ఇవతలే నిలబడింది.