డబ్బా బీరు లోర్నా

ఆ ఏడాది వసంతకాలపు వ్యవసాయ ప్రదర్శనకు నియమాల కాగితం, అడిలైడ్‌కి రెండు గంటల దూరంలోని మూంటాలో దాణా కొట్టు తలుపు మీద అంటించిన రోజున లోర్నా నాన్‌కివెల్ దాన్ని రెండుసార్లు చదివింది. జామ్‌లకు పాత నియమాలే. గొర్రె బొచ్చుకు పాత నియమాలే. ఇంటి బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్త వాక్యం ఒకటి వచ్చి కూర్చుంది: "ధాన్యంతో మొదలుపెట్టి కాచినదే బీరుగా పరిగణించబడును. డబ్బాలోంచి వచ్చినది ఏ కాస్త కలిసినా ఆ సీసా స్వీకరించబడదు." కింద సంతకం గ్రేమ్ హోలిస్, ఇంటి బీరు సంఘం అధ్యక్షుడు.

"వీడి మొహం!" అంది లోర్నా. గట్టిగానే అంది. కోళ్ల దాణా కొనడానికి వచ్చిన ఇద్దరు తల తిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.

అరవై ఎనిమిదేళ్ల లోర్నా ముప్పై నాలుగేళ్లుగా డబ్బా బీరే కాస్తోంది, ఏటా ఆ ప్రదర్శన బల్ల మీద తన సీసా పెడుతోంది. డబ్బా బీరు అంటే పెద్ద విద్యేం కాదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, ఉడికించి, ఆ రసాన్ని తేనెలా చిక్కబరిచి, హాప్స్ అనే పూల చేదు కూడా కలిపేసి డబ్బాలో పోసి అమ్ముతారు. ఇంటికి తెచ్చి నీళ్లలో కలిపి, ఈస్ట్ చల్లి పులియబెట్టుకోవడమే. ధాన్యంతో మొదలుపెట్టేవాళ్లు అదే బార్లీని తామే నూరుకుని, తామే ఉడకబెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుండల మధ్య తిరుగుతారు. తిరగనీ, ఎవరొద్దన్నారు? తిరగనివాళ్లది బీరే కాదంటేనే మా లోర్నాకి ఒళ్లు మండేది.

పైగా ఆమెకు బార్లీ సంగతి చెప్పబోవడం చేపకి ఈత నేర్పడమే. వాలరూ రేవు పక్కనున్న ధాన్యం నిలవచేసే సైలోల దగ్గర ఆమె ఇరవై రెండు కోతకాలాలు పనిచేసింది. లారీ వచ్చి ఆగగానే మెట్లెక్కి, పొడుగాటి గొట్టం బార్లీలోకి గుచ్చి, నమూనా తీసి, తేమ చూసి, జల్లెడ పట్టి, ఇది బీరుకి పనికొచ్చే సరుకో, పశువుల మేతకి పోయే సరుకో తేల్చేది. మేత అని తేలితే రైతులు ఒంటికాలి మీద లేచేవారు. తిట్టేవారు. ఒకాయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు కూడా. లోర్నా మాట మార్చలేదు. ఆ మెట్ల మీద ఇంకో కట్టుబాటు ఉండేది. ముందు లారీ సరుకు ఏ తరగతిలో పడిందో వెనక లారీవాడికి చెప్పకూడదు. సొంత బావగారు అడిగినా ఆమె చెప్పలేదు. ఆయన రెండేళ్లు మాట్లాడలేదు, ఆమె కూడా బతిమాలలేదు.

ఆమె మొదటిసారి బీరు కాచింది ఒక జనవరిలో, అంటే మాకు నడి వేసవిలో, షెడ్డులో, ఇనపరేకుల కింద. డబ్బా మీద రాసినట్టే కిలో పంచదార పోసింది, మూతకింద పొట్లంలోని ఈస్ట్ చల్లింది. ఎండకి ఆ షెడ్డు పొయ్యిలా ఉంది. వచ్చిన బీరు గోళ్లరంగు తుడిచే ద్రావకం వాసన కొట్టింది. సీసాల్లో పోశాక మూడోవారం ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చిన అత్తగారు వంటింట్లో కూర్చుని టీ తాగుతుండగా, షెడ్డులో సీసాలు ఒకటొకటే పేలడం మొదలైంది. "దేవుడు చూస్తున్నాడమ్మా," అంది అత్తగారు. "చూడనివ్వండత్తయ్యా, వచ్చేసారి ఇంకా బాగా చేస్తాను," అంది లోర్నా.

ఆ ఇంట్లో మగవాళ్లు మూడు తరాలుగా మెథడిస్టు చర్చివాళ్లు, చుక్క ముట్టరు. లోర్నా భర్త క్లిఫ్ కూడా అంతే. కానీ సీసాలకి మూతలు బిగించేది ఆయనే. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని వేల మూతలు బిగించాడో, ఒక్క గుటకైనా తాగలేదు. ఎవరైనా నవ్వితే, "మూతలో మందేముందయ్యా?" అంటాడు.

తర్వాత్తర్వాత లోర్నా నేర్చుకుంది. డబ్బా కొనేటప్పుడు ముందున్న బొమ్మ చూడదు, తిరగేసి అడుగున కొట్టిన తేదీ చూస్తుంది. పాతబడ్డ డబ్బాలో పాకం నల్లబడి బీరుకి సిరా రుచి వస్తుంది. మూత ఉబ్బిందంటే వాసన కూడా చూడకుండా వెనక్కి పెట్టేస్తుంది. కిలో పంచదార బదులు హాప్స్ కలపని మాల్ట్ డబ్బా ఇంకొకటి పోస్తుంది. ఎర్రగా వేయించిన మాల్ట్ గింజలు ఒక గిన్నెడు దంచి, పాత దిండు గలీబులో మూటకట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లలో హాప్స్ పిడికెడు మరిగిస్తుంది. పొట్లంలోని ఈస్ట్‌ని పారేసి, తనకి నమ్మకమైనది విడిగా కొంటుంది. ఇక వేసవిలో కాయనే కాయదు. ఆగస్టు చలిలో స్నానాల తొట్టిలో నీళ్లు పోసి, అందులో బీరు డ్రమ్ము నిలబెట్టి, తడి తువ్వాలు చుట్టి, రెండు వారాలు కదలనివ్వదు. ఆ రెండు వారాలూ క్లిఫ్ పక్కింట్లో స్నానం చేస్తాడు. పోయినేడు బల్ల మీద ఆ బీరుకి రెండో బహుమతి వచ్చింది. గ్రేమ్ హోలిస్ బీరుకి ఏమీ రాలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

గ్రేమ్ అడిలైడ్‌లో పళ్ల డాక్టరు. ప్రాక్టీసు మానేసి నాలుగేళ్ల క్రితం మా తీరానికి వచ్చాడు. ఆయన షెడ్డులో పొయ్యిలూ పంపులూ కుండలూ అన్నీ స్టీలువే, మొహం చూసుకోవచ్చు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తనకి వచ్చింది ఎదుటివాడికి రాదని చెప్పనిదే నిద్రపట్టదు. నియమాల కాగితం పడ్డ వారానికి సంఘం ఆ షెడ్డులోనే కూడింది. లోర్నా కుర్చీ కూడా లాక్కోలేదు.

"ఈ డబ్బా మీకేం అపకారం చేసింది ప్రెసిడెంటుగారూ?"

"వ్యక్తిగతంగా తీసుకోకు లోర్నా. ప్రమాణాలు అంటూ ఉండాలిగా. అన్నీ కలిపి అమ్మే పొట్లం పిండితో చేసిన కేకు స్పాంజ్ కేకుల బల్ల మీద పెట్టనిస్తారా?"

"కేకుకి గోధుమలు మీరే విసురుకుంటున్నారా మరి? మీరు కొన్న బార్లీ ఎవరు పండించారు? మొలకెత్తించింది ఎవరు? డబ్బాలో ఉన్నది ఎక్కడిదనుకున్నారు, చంద్రుడి మీదదా? ఈ కిటికీలోంచి కనపడుతోంది చూడండి, ఆ చేలోదే. దాన్ని బీరుకి పనికొస్తుందని తేల్చి పంపినదాన్ని నేను. అప్పుడు మీరు ఎవరి దవడ పన్నో పీకుతున్నారు."

అందరూ నవ్వారు. నియమం ఉండాలా వద్దా అని చేతులెత్తమనేసరికి మాత్రం నవ్వినవాళ్లలో సగానికి పైగా గ్రేమ్ వైపే ఎత్తారు. స్టీలు కుండలకి ఆ పాటి మహిమ ఉంటుంది.

"ఈసారికి మానేద్దువులే," అన్నాడు క్లిఫ్ ఇంటికొచ్చాక.

"నేనా? ఈసారి నా సీసా ఆ బల్ల మీద లేకపోతే ఇంకెప్పుడూ ఉండదు క్లిఫ్. నాదే కాదు, ఈ ఊళ్లో డబ్బా తెచ్చుకుని తొట్టిలో కాచుకునేవాళ్లలో ఒక్కరిదీ ఉండదు. తువ్వాలు తడిపి ఇలా ఇవ్వు."

ప్రదర్శన ఇంకా అయిదు వారాలుందనగా ఒక శనివారం పొద్దున గ్రేమ్ దాణా కొట్టుకి వచ్చాడు. శనివారాలు ఆ కొట్లో బీరు సామాన్ల అర చూసుకునేది లోర్నాయే. ఆయన కుక్క బిస్కట్లు చూశాడు, చేతి తొడుగులు చూశాడు. చివరికి గొంతు తగ్గించి, "లేతరంగు మాల్ట్ డబ్బాలు రెండివ్వు లోర్నా. మా ఆవిడ కేకుల్లోకి," అన్నాడు.

లోర్నా ఆయన మొహంలోకి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మీద ఉడికిన బార్లీ పొట్టు అంటుకుని ఉంది. సంగతి అర్థమైపోయింది. గింజ ముతకగా నూరుకున్నాడో, నీళ్లు మరీ వేడిగా పోసుకున్నాడో, రాత్రంతా కాచిన రసం నీళ్లలా పలచగా వచ్చింది. మళ్లీ ధాన్యం తెప్పించి, కాచి పులియబెట్టి సీసాల్లో పోసి నిలవుంచడానికి వ్యవధి లేదు. ధాన్యం గొప్పలు చెప్పేవాళ్లు రసం పలచబడితే చేసే పని ఒకటే: గుట్టుగా డబ్బా మూత తీయడం.

లోర్నా అర వైపు తిరిగింది. ఒక డబ్బా అందుకుని, అడుగున తేదీ చూసి, వెనక్కి పెట్టేసి, ఇంకా తాజాది తీసి ఇచ్చింది. "కేకులకైనా పాతది మంచిది కాదు," అంది. గ్రేమ్ చెవులు ఎర్రబడ్డాయి.

కొట్టు రెండో చివర గుర్రాల తాళ్లు బేరం చేస్తున్న డల్సీ రోడా ఇదంతా చూసింది. డల్సీ లోర్నాకి చిన్ననాటి స్నేహితురాలు, నోరు ఊరుకోదు. గ్రేమ్ గడప దాటగానే అందుకుంది.

"చేతికి చిక్కాడే! కేకులంట కేకులు! వాళ్లావిడకి పిండి తింటే పడదని ఊరందరికీ తెలుసు. ప్రదర్శన రోజున మైకులో చెప్పెయ్, పీడా పోతుంది."

"చెప్పను."

"నీకేమన్నా పిచ్చా? నిన్ను బల్ల మీంచి తోసేస్తున్నాడే వాడు!"

"తోస్తే తొయ్యనీ. గల్లా దగ్గర నిలబడ్డాక ఎవరు ఏం కొన్నారో నా నోట్లోంచి రాదు. నమూనా మెట్ల మీద రానిది ఇప్పుడు వస్తుందా? నువ్వు కూడా నోరు మూసుకో డల్సీ. నేను గెలవాలంటే వాడి గుట్టు నాకక్కర్లేదు."

అక్టోబరులో ప్రదర్శన నాడు లోర్నా చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, సీసాని తువ్వాల్లో చుట్టుకుని వెళ్లింది. ఊలు, జామ్‌లు, మాంసం కూరిన పేస్టీలు దాటి రేకుల హాలు చివర బీరు బల్ల. అడిలైడ్ నుంచి తీర్పరిగా వచ్చిన ఇంగ్రిడ్ వాల్ష్ అప్పటికే గ్లాసులు కడుగుతోంది. బల్ల మీద పేర్లు లేని గోధుమరంగు సీసాలు పన్నెండు, ఎవరిదేదో తీర్పరికి తెలియకుండా ప్రతి సీసా పక్కనా దాని దరఖాస్తు బోర్లించి ఉంది. లోర్నా తన సీసా పదమూడోదిగా పెట్టింది. తన దరఖాస్తుని మాత్రం బోర్లించలేదు. "దేనితో చేశారు" అన్న గడిలో పెద్దక్షరాలతో "డబ్బాతో" అని రాసి ఉంది.

గ్రేమ్ వచ్చి, చదివి, ఆ సీసాని తీసి బల్ల కింద పెట్టాడు.

"నియమం తెలుసుగా లోర్నా. అనవసరంగా రభస చెయ్యకు."

"రభస చెయ్యను. నియమం ఒక్కసారి చదవండి, పోతాను. ఇక్కడున్నవాళ్లందరికీ వినపడాలి."

"అందరికీ తెలిసిందే కదా."

"నాకు మీ నోటితో వినాలనుంది. కాగితం మీ జేబులోనే ఉంది."

హాల్లో మాటలు తగ్గాయి. స్పాంజ్ కేకులవాళ్లు కూడా ఇటు తిరిగారు. గ్రేమ్ కాగితం మడత విప్పాడు. మొదటి వాక్యం బాగానే చదివాడు. "డబ్బాలోంచి వచ్చినది..." అన్నాక ఆగాడు.

లోర్నా చేతులు కట్టుకుని నిలబడింది. సరుకు పొడిగా ఉందని లారీవాడు బుకాయిస్తుంటే గొట్టం చేత్తో పట్టుకుని ఎలా చూసేదో అలాగే చూసింది. కోపంగా కాదు. ఎంతసేపైనా ఆగగలనన్నట్టు. వెనక డల్సీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది, పాపం, ఊపిరాడడం లేదు.

"ఏ... కాస్త కలిసినా," అన్నాడు గ్రేమ్. "ఆ సీసా స్వీకరించబడదు."

"చదివారుగా. నాది తీసేశారు, న్యాయమే. మిగతావి మీ ఇష్టం," అంది లోర్నా.

గ్రేమ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు. తర్వాత బల్ల దగ్గరికి నడిచి, నాలుగో సీసా తీసి, బల్ల కింద లోర్నా సీసా పక్కన పెట్టాడు.

"ఇది నాది," అన్నాడు నేలకేసి చూస్తూ. "రసం పలచగా వచ్చింది. డబ్బాలు రెండు కలిపాను."

అప్పుడు జరిగింది మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాడు షెడ్డులో గ్రేమ్ వైపు అందరికంటే ముందు చెయ్యెత్తిన కెల్విన్ ట్రెజైజ్ గొంతు సవరించుకుని వచ్చి తొమ్మిదో సీసా తీశాడు. "నాదాంట్లో అర డబ్బా," అన్నాడు. ఇంకొకాయన పేరు కూడా చెప్పకుండా తనది తీసి కింద పెట్టాడు. తర్వాత ఇద్దరు, తర్వాత ఒకామె, ఆమె వెనకే ఇంకో ముగ్గురు. చూస్తుండగానే బల్ల మీద మూడు సీసాలు మిగిలాయి, బల్ల కింద పది.

"బాగుంది," అంది ఇంగ్రిడ్. "రెండు గంటలు కారు తోలుకుని వచ్చింది మూడు సీసాల కోసమా? నేను రుచి చూస్తాను గానీ వంటగదులు సోదా చెయ్యను. ఏది ఎక్కడ పెడతారో మీరే తేల్చుకోండి."

గ్రేమ్ జేబులోంచి పెన్ను తీశాడు. నియమాల కాగితాన్ని గోడకి ఆనించి, తను రాసిన వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టేశాడు. వంగి తన సీసా అందుకోబోయాడు.

"ముందు నాది," అంది లోర్నా. "తీసిన చేత్తోనే పెట్టండి."

ఆయన పెట్టాడు. తర్వాత తన సీసా పెట్టి, పక్కన దరఖాస్తుని మళ్లీ బోర్లించబోయాడు. లోర్నా దాని మీద వేలు పెట్టి ఆపింది. ఆ గడిలో "ధాన్యంతో" అని అందంగా రాసి ఉంది.

"అది కూడా దిద్దండి గ్రేమ్. పెద్దక్షరాలతో. నాదాంట్లో ఉన్నట్టు."

ఆయన దిద్దేదాకా ఆమె వేలు తీయలేదు.