గోల్ఫ్ గడ్డి కింద తెగిన తీగ

అరవై దాటాకే అక్షరాలు నేర్చాను, అందుకే ఈ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో లింగాల ఘనపూర్‌లో మా బోరు ఎండిపోతే, హైదరాబాద్ దగ్గర గోల్ఫ్ మైదానంలో కూలికి కుదిరాను. అక్కడ గడ్డికి నీళ్లు వదలాలన్నా ఆపాలన్నా మీట నొక్కిన కబురు మోసే, భూమిలోని రెండు తీగలే ఆధారం.

ఒకరోజు గడ్డిలోని పైపులు నీళ్లు చిమ్ముతుండగా నా పార తగిలి తీగ తెగింది. అప్పుడే, పొలాలకు నీళ్లు తెస్తానని సభల్లో గర్జించే నాయకుడు ఆటకు వచ్చాడు.

“నడువుండ్రి సారూ, గిప్పుడే బంద్ చేస్త” అని సూపర్‌వైజర్ మీట నొక్కాడు. నీళ్లు ఆగలేదు. నాయకుడు నిలువునా తడిశాడు.

“తీగ తెంపినవా? రేపటి సంది పనికి రాకు!” అని సూపర్‌వైజర్ నా మీద అరిచాడు.

నేను నాయకుడికి దండం పెట్టాను. “మాకు తెస్తనన్న నీళ్లు గివేనా సారూ?”

ఆయన తువ్వాలు అడిగాడు.

మర్నాడు పొద్దున జనగామ బస్సెక్కి, అక్కడ ఆయన పెట్టిన నీళ్ల సభలో, ఆయనకు కనబడేలా ముందు వరుసలో కూర్చున్నాను.