జరగకముందే రాసిన వీడ్కోలు సభ

ఊళ్లో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆయన ఘనంగా గారే. ఆయన నడిపే నాలుగు పేజీల వారపత్రికలో ఏదైనా ఘనంగానే జరిగేది మరి. కొత్త కుళాయి తిప్పినా ఘనంగానే, కుక్కలకు టీకాలు వేసినా ఘనంగానే. కుక్కల అభిప్రాయం మాత్రం పత్రిక ఎప్పుడూ అడగలేదు.

పత్రికకు ఎడిటరూ ఆయనే, విలేఖరీ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే. బజారు వెనక సందులో ఒక గది, అందులో కాళ్లు ఊగే బల్ల, సిరా మరకల కుర్చీ, గోడ అవతల ప్రింటింగ్ మిషన్. మిషన్ నడిపే ప్రెస్సాయన శనివారం మధ్యాహ్నం దాటితే ఒక్క అక్షరం కూడా తీసుకోడు. జనమేమో సభలన్నీ శనివారం సాయంత్రమే పెడతారు. పత్రిక వచ్చేది ఆదివారం పొద్దున్న. ఏం చేస్తాడు పాపం? సాయంత్రం సభను మధ్యాహ్నమే కాగితం మీద జరిపించేసేవాడు. ఒక వక్త చేత కొనియాడించి, ఇంకొకరి చేత హర్షం వ్యక్తం చేయించి, చివర్లో చప్పట్లు కొట్టించేవాడు. సాయంత్రం వెళ్లి చూస్తే అసలు సభ కూడా ఇంచుమించు అలాగే నడిచేది. ఎవరైనా కొత్తగా ఏదైనా మాట్లాడితే ఆయనకు చిరాకేసేది.

ఆయన భార్య బళ్లో టీచరు. పెళ్లయినప్పటి నుంచీ శనివారాలన్నీ పత్రికకే పోయాయి. చుట్టాల పెళ్లిళ్లకూ, పిల్లల నాటకాలకూ ఆవిడ ఒక్కతే వెళ్లి, "ఆయనకు ప్రెస్సు పని" అని చెప్పి చెప్పి, చివరికి చెప్పడం మానేసింది. అడిగేవాళ్లూ మానేశారు. తీరా ఆవిడ రిటైరవుతుంటే బడివాళ్లు పెట్టిన వీడ్కోలు సభ కూడా శనివారం సాయంత్రమే పడింది.

"ఏమండీ, ఈ ఒక్కసారికి రండి. మిమ్మల్ని కూడా మాట్లాడమంటున్నారు" అంది.

"వస్తాను. రాకపోతే అడుగు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వార్త రాయడానికి కూర్చున్నాడు. "టీచరుగారి భర్త మాట్లాడుతూ" అని మొదలుపెట్టాక కలం ఆగలేదు. గిన్నెలు తోముతూ ఆవిడ మర్నాటి పాఠం పైకి చెప్పుకోవడం, గొంతు పోయినా సెలవు పెట్టకపోవడం, పరీక్ష తప్పిన పిల్లల్ని ఇంటికి పిలిచి చదివించడం అన్నీ రాశాడు. రాస్తూ రాస్తూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు కూడా. "మాట పెగలక ఆయన కూర్చుండిపోయారు. సభికులంతా కంటతడి పెట్టారు" అని ముగించి ప్రెస్సాయన చేతిలో పెట్టేసరికి గుండె తేలికపడింది.

అంతలో మిషన్ మొరాయించింది. కాగితం చుట్టుకుపోయి రోలరు బిగుసుకుంది. ఇద్దరూ చొక్కా చేతులు పైకి మడిచి దాని మీద పడ్డారు.

"అమ్మగారి సభ మొదలైపోతుందేమోనండీ" అని ప్రెస్సాయన గుర్తు చేశాడు.

"అదయిపోయిందిగా" అన్నాడు ఎడిటరు, తల ఎత్తకుండా.

అబద్ధమాడాలని కాదు. అన్నేళ్ల అలవాటు. ఆయన కలం కింద ముగిసిన సభ ఆయన లెక్కలో నిజంగా ముగిసినట్టే.

మిషన్ కదిలాక చేతులు కడుక్కుని హుషారుగా ఇల్లు చేరాడు. భార్య అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది.

"బాగా జరిగింది కదూ!" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "మైకులో రెండుసార్లు పిలిచారు మిమ్మల్ని. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది" అని లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి గానీ ఆయనకు తెలివి రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్లారి పత్రిక వచ్చింది. ఇంటింటికీ వెళ్లే పత్రికను ఎక్కడని దాస్తాడు? ఆవిడ వంటింట్లో నిలబడి ఆ వార్త మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"ఎంత బాగా మాట్లాడారండీ" అంది. "నేనే వినలేకపోయాను."

"వచ్చేవారం సవరణ వేస్తాను. మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాలతో" అన్నాడాయన కంగారుగా. పత్రిక పుట్టాక ఒక్క సవరణ వేసి ఎరగడు.

"సవరణ ఊరికి వేస్తారు. మరి నాకో?"

ఆయన లేచి నిలబడ్డాడు. రాసిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఊరందరి చేతా ఉపన్యాసాలిప్పించిన మనిషి, చొక్కా గుండీ తిప్పుకుంటూ ఉండిపోయాడు.

"అన్ని పెళ్లిళ్లలో ఒక్కదానివీ ఎలా కూర్చున్నావో నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు చివరికి. "అడిగితే చెప్తావేమోనని భయం."

ఆవిడ పత్రిక వంకా, ఆయన వంకా చూసింది.

"ఇది పేపర్లో లేదే" అంది.

"లేదు."

ఆవిడ పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి, వింటాను" అంది.