నెటీ చేతికి పట్టే పిడి

బిగ్‌హార్న్ కొండల కింద ఊళ్లో ఎల్డన్ స్ప్రేగ్ నలభై ఏళ్లు రివాల్వర్లకు చెక్కపిడులు చేశాడు. పిడి చేయించుకోవడానికి ఎవరొచ్చినా ముందు మాంసం చుట్టే గోధుమరంగు కాగితం మీద అరచెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసేవాడు. పేరు రాసి, ఒక్కొక్కరికి గోడకు ఒక్కో మేకు కొట్టి గుచ్చేవాడు. మనిషి పోయినా కాగితం తీసేవాడు కాదు.

ఆ ఏప్రిల్‌లో నెటీ బర్చర్డ్ వచ్చింది. భర్త డ్వేన్ పోయి నాలుగు నెలలైంది. డ్వేన్, ఎల్డన్ ముప్ఫై ఏళ్లు కలిసి చేపలు పట్టారు. ఆమె డ్వేన్ రివాల్వర్ని బల్ల మీద పెట్టి, వాచిన నడిమివేలు చూపించింది.

“మెత్తగా ఉంటుందని రబ్బరు పిడి వేయించా. ఇంకా గట్టిగా తన్నుతోంది.”

“రబ్బరు చేతిని పట్టుకుని వదలదు. ఇలాంటి గన్ పేలగానే అరచేతిలో పైకి దొర్లాలి. దొర్లనివ్వకపోతే దెబ్బంతా వేలికీ మణికట్టుకీ.”

“డ్వేనూ అంతేగా. తన దారిన పోనిస్తే గాని ఊరుకునేవాడు కాదు.”

ఎల్డన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ఆదివారం మా మరిది వస్తున్నాడు. దూడలు పుట్టే రోజులు, పైన కొండసింహం తిరుగుతోంది. ఇది పేల్చలేకపోతే ఆవుల్ని అమ్మేసి వాళ్లింటికి వస్తానని మాటిచ్చేశా.”

ఎల్డన్ వాల్‌నట్ చెక్క తీశాడు. కొలత కోసం అలవాటుగా డ్వేన్ మేకు దగ్గరికి వెళ్లి అతని కాగితం అందుకున్నాడు. అది డ్వేన్ గన్. ఇంకేమీ ఆలోచించలేదు.

శుక్రవారం కొట్టు వెనక బీడులో నెటీ, ఇలాంటి గన్ పొరపాటున పేలకుండా అందరూ చేసినట్టే, తూటాలు పెట్టే ఆరు గదుల్లో ఒకటి ఖాళీగా ఉంచి అయిదు తూటాలు నింపింది. మొదటి దెబ్బకే లావు పిడి చేతిలో పట్టు తప్పి జారింది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుపకమ్మి వచ్చి ఆ వాచిన వేలికే తగిలింది. నెటీ గన్ దించింది.

“ఎవరి చేతికి చేశావిది?”

ఎల్డన్ గన్ అందుకుని పిడిని తిప్పి చూశాడు. అది డ్వేన్ చేతి లావు.

“డ్వేన్ లేడు, ఎల్డన్. నేనున్నా.”

ముప్ఫై ఏళ్లుగా డ్వేన్ వెంట ఆ కొట్టుకు వస్తున్న నెటీ చేతిని అతను ఆ రోజే మొదటిసారి కాగితం మీద పెట్టించాడు. వేళ్లు పొట్టివి. రాత్రి కాకముందే చెక్కను సన్నగా అరగదీసి, గరుకు లేకుండా నునుపు చేశాడు. చిటికెనవేలు కిందికి మడిచి పెట్టుకునేలా అడుగున కొంచెం వంపు తీశాడు.

ఆదివారం ఆమె పిలిస్తే ఎల్డన్ కూడా వెళ్లాడు. కంచెమీద అయిదు డబ్బాలు. ప్రతి దెబ్బకీ గొట్టం ఆకాశంవైపు లేచింది, పిడి అరచేతిలో దొర్లింది, తూటాను పేల్చే వెనక సుత్తి, మళ్లీ లాగడానికి వీలుగా, ఆమె బొటనవేలి కిందికే వచ్చి ఆగింది. నాలుగు డబ్బాలు పడ్డాయి.

“నొప్పి లేదా వదినా?” అన్నాడు మరిది.

“ఉంది. నేను ఓర్చుకునేంతే.”

మరిది కాఫీ తాగి, అమ్మకం మాట ఎత్తకుండా బయల్దేరాడు. ఎల్డన్ కొట్టుకు తిరిగొచ్చి, డ్వేన్ మేకుకే నెటీ కాగితాన్నీ గుచ్చాడు.