రిలేకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో విజయనగరం జిల్లా మొత్తానికీ రిలే అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని మొన్నమొన్నటిదాకా చెప్పుకున్నాను. వయసు మీద పడింది కనక ఇప్పుడు కాస్త తగ్గిస్తాను: మా వీధి మొత్తానికి. (వీధి చివరే మా మావ ఉండేవాడు, రైల్వే సిగ్నళ్ళలో ఉద్యోగం. కనక అదీ అబద్ధమే.) గజపతినగరంలో రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకుంటూ బొమ్మ రైలుకు లైను వేశాను. రాయగడ లైనంత పొడుగని స్నేహితులకు చెప్పాను గానీ, అది మావ ఇంటి వసారాలో రెండు స్టూళ్ళ మీద పరిచిన పాత తలుపు రెక్క. దాని మీద గుండ్రంగా పట్టాలు, ఓ మూల నేను కట్టిన పవర్ సప్లై, పక్కన సిగ్నలూ, మూత లేని రిలే. స్విచ్ వేస్తే రిలే టక్కుమని, దానిలోని రెండు రేకులు తాకి, పచ్చదీపం వెలిగి రైలు కదలాలి. స్విచ్ తీస్తే ఎర్రదీపం, రైలు ఆగాలి.

ఇదంతా శాస్త్రం మీద ప్రేమ కాదు. మావ కూతుర్ని నాకిమ్మని మా అమ్మ అడిగితే ఆయన, "రేడియో ఇప్పి మళ్ళీ బిగించనేనోడికి పిల్లనెలాగిత్తాను? దసరా నాడు ఆడి రైలు ఎల్లమంటే ఎల్లి, ఆగమంటే ఆగితే అప్పుడు సూద్దాం" అన్నాడు.

ముందురోజు సాయంత్రం రైలు గుర్రంలా తిరిగింది. దసరా నాడు పూజయ్యాక మావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. స్విచ్ వేశాను. రిలే టక్కుమంది, ఎర్రదీపం ఆరింది, పచ్చది వెలగలేదు, రైలు కదల్లేదు. టక్కుమంది కనక రిలే బాగున్నట్టేనని తీర్మానించి (తొందరపాటు తీర్మానాల్లో నాకు మొదటినుంచీ మంచి పేరుంది) పవర్ సప్లై మీద పడ్డాను. ఫ్యూజు మార్చాను. మీటరు పెడితే వోల్టేజీ నిక్షేపంగా ఉంది, మీటరే చెడిపోయిందన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిందన్నాను, అది నాకంటే చల్లగా ఉంది. పట్టాలు గీకి, ఇంజను కడుపు విప్పేసరికి మావ లేచి, బువ్వ తిని వస్తాననీ, అప్పటికీ కదలకపోతే మా అమ్మకు తానే కబురు చెప్తాననీ లోపలికి వెళ్ళాడు.

అప్పుడు మరదలు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"బావా, పొద్దున్న దానికీ బొట్టెట్టినాను. ఎట్టకూడదేటి?"

కుట్టుమిషనుకూ, మావ సైకిలుకూ పెట్టినట్టే రిలేకూ పెట్టిందట. వాటికి పైపైన పెట్టి, నా రిలేకు మాత్రం వేలు దూరక, పుల్లతో తడి పసుపు తీసి సరిగ్గా రెండు రేకుల మధ్య అద్దింది. అదక్కడే ఎండి కరెంటుకు అడ్డుపడింది.

"రైలు ఎల్లాలనే ఎట్టినాను" అంది, నేలకేసి చూస్తూ.

అంతవరకూ నాకు మావ ఒప్పుకోలు ఒక్కటే కావాలనుకున్నాను. ఈ పిల్లకేం కావాలో అడగాలని తోచనే లేదు. అగరొత్తుల పొట్లం కాగితం ముక్క చింపి రేకుల మధ్య అటూఇటూ లాగాను. పచ్చగా పసుపు వచ్చింది. విప్పిన ఇంజనూ బిగించేశాను. మావ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి రైలు వెళ్ళమంటే వెళ్ళింది, ఆగమంటే ఆగింది.

"ఏటైనాదిరా?"

"పవర్ సప్లైలో లోపం మావా. సరిసేసినాను."

ఆయన నా వేళ్ళకేసి చూశాడు, కూతురికేసి చూశాడు. "పసుపు కారే పవర్ సప్లైని నా సర్వీసులో సూణ్ణేదు. సర్లే, ముహూర్తం సూడమను మీ అమ్మని."

ఆ తలుపు రెక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దసరాకు ఆవిడ ఫ్రిజ్జుకూ, వాషింగ్ మెషీనుకూ బొట్టు పెట్టి, దాని దగ్గరకొచ్చి ఆగి, "దీనికెక్కడెట్టమంటావు బావా?" అంటుంది. నేను మహా నిపుణుడిలా ఆలోచించి, పెళ్ళయ్యాక రిలేకు బిగించిన మూత మీద చోటు చూపిస్తాను. ఆవిడ అటు వెళ్ళగానే మూత తీసి రేకుల మధ్య చూస్తాను. శుభ్రంగానే ఉంటాయి. కొంచెం నిరాశగా ఉంటుంది.