అటక మీది పడకగదికి గ్లాస్ వూల్

మా ఆయన డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. చీపురు కొనాలన్నా ఎక్సెల్‌లో పట్టిక వేస్తారు. ఊరి చివర పాత ఇల్లు కొన్నాక, కప్పు కింద ఖాళీగా ఉన్న అటకను నాకు పడకగది చేద్దామనుకున్నాం. నాది ఆస్పత్రిలో నైట్ డ్యూటీ, పగలు పడుకోవాలి. ఇంట్లోంచే పనిచేసే ఆయనగారు కింద మీటింగులో మాట్లాడుతుంటే శవం కూడా లేచి కూర్చుంటుంది.

కప్పుకు చలీ వేడీ ఆపే ఇన్సులేషన్ ఏది వేయాలన్న దానిమీద చలికాలమంతా పరిశోధన సాగింది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, జన్మలో అటక ఎక్కని ఇంజినీర్లందరూ తలో మాటా అన్నారు. గాజుపీచుతో చేసే గ్లాస్ వూల్ గెలిచింది. ఇల్లు చూడ్డానికొచ్చిన ఎనర్జీ సలహాదారు మాత్రం, "చలికి ఇది చాలు. వేసవిలో పగటి వేడి ఆగాలంటే బరువైన చెక్కపీచు పలకలు నయం," అన్నాడు.

మా ఆయన నావైపు తిరిగి పకపకా నవ్వారు. "రామగుండం ఎండల పుట్టి పెరిగినోళ్ళం. జర్మనీ ఎండ మనకొక లెక్కనా?"

అక్కడ పడుకునేది నేను కదా, నన్నేమైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు.

జూలై వచ్చింది. కిటికీలకు తెరలు దించినా మధ్యాహ్నానికి గది పెనంలా కాలేది. రామగుండంలో కనీసం కూలరుండేది. రాత్రంతా నిలబడి వచ్చి, పగలంతా మంచం మీద పొర్లి, మళ్ళీ డ్యూటీకి పోయేదాన్ని. ఒక రాత్రి మందు సీసా మీద పేరు ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. భయమేసింది. పొద్దున ఇంటికొచ్చి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

"ఏవండీ, ఆ గదిలో నావల్ల కావట్లేదు."

"అలవాటైతది. ఈ కొన్ని రోజుల ఎండకు ఎవలన్న కప్పు ఇప్పుకుంటరా?"

ఆయన ఎప్పుడో ఒకసారి ఆఫీసుకు వెళ్ళిన రోజు చూసి, బల్ల, కుర్చీ, మానిటర్లు అన్నీ అటక మీదికి చేరవేసి, కింద గదిలో మంచం వేసుకున్నాను. "పైన మీటింగులకు ప్రశాంతంగా ఉంటుందండీ," అన్నాను ఆయన ఇంటికి రాగానే.

వారం తిరగలేదు. క్లయింటుతో వీడియో కాల్ సగంలో, ఒంటికి అతుక్కున్న చొక్కాతో దిగొచ్చారు. మర్నాటికల్లా చెక్కపీచు పలకలకు ఆర్డరు వెళ్ళిపోయింది. ఇన్సులేషన్ ఎంచుకునేటప్పుడు వేసవిని మరవద్దని, ఇది తన స్వానుభవమని గ్రూపులో పెద్ద పోస్టు పెట్టారు. ఎంతమంది మెచ్చుకున్నారో చూడమని ఫోను నా ముందుంచారు.

అందులో నా ఊసే లేదు. ఒళ్ళు మండిపోయింది.

"బాగా రాశారండీ," అని కింద గది తలుపేసుకుని పడుకున్నాను.